ముప్పై దాటాకే నొక్కవలెను

క్లినిక్ మేడ గది నుంచి,
జూన్ మొదటి వారం

బావగారికి నమస్కారాలు.

క్షేమంగా చేరాను. ఇక్కడ నాకిచ్చిన గదిలో మంచం లేదు. పేషెంట్లని కూర్చోబెట్టే పాత కుర్చీ ఒకటి ఉంటే దాన్నే వెనక్కి వాల్చుకుని పడుకుంటున్నాను. పొద్దున్న మెలకువ రాగానే ఎవరో నోరు తెరవమంటారేమో అనిపిస్తోంది.

మనిద్దరం ఫోన్లో మాట్లాడుకుంటే ఎండావానలతో మొదలై కారు గురించి అరుచుకోవడంలో తేలుతోందని, ఈ ఏడాదంతా ఉత్తరాలే రాసుకోమని అక్క హుకుం జారీ చేసింది కదా. మంచిదే. కాగితం మీద నేనెంత అరిచినా మీ బీపీ పెరగదు.

ఇక తాత సంగతి. ఈ ఉత్తరం మరెవరైనా చదివితే అపార్థం చేసుకుంటారని చెబుతున్నాను, తాత అంటే నా పాత కారు. నేను తిరిగొచ్చేదాకా తాత మీ షెడ్డులోనే ఉంటాడు. వారానికోసారి బయటికి తీసి తిప్పండి, లేకపోతే కీళ్ళు పట్టేస్తాయి. బ్రేకులు అంతంత మాత్రం, కాబట్టి ఎవర్నీ ఎక్కించుకోకండి. స్టీరింగు కింద ఒక పిడి ఉంది. అది ఓవర్‌డ్రైవ్‌ది. పెద్ద రోడ్డు మీద వేగంగా పోయేటప్పుడు ఇంజను ఆయాసపడకుండా ఉండటానికి పెట్టింది. దాని పక్కన నా చేత్తో రాసి కాగితం అంటించాను: 'ముప్పై దాటాకే లోపలికి నొక్కవలెను. ముప్పై లోపు బయటికి లాగి ఉంచవలెను.' మీరు ముప్పై మైళ్ళ వేగం ఎలాగూ దాటరు. కాబట్టి పిడి ఎప్పుడూ బయటే ఉండాలి.

అక్క గేటు దాటిందా? ఏళ్ళ తరబడి లైబ్రరీ వ్యాను నడిపిన మనిషి. ఎవరో నడిపిన బస్సు ఒక్క కుదుపు కుదిపితే పడి మోకాలు విరగ్గొట్టుకుంది, ముందు పళ్ళు రెండు పోగొట్టుకుంది. మోకాలు అతికి కూడా చాలా రోజులైంది. అయినా గేటు దగ్గరకొచ్చి ఆగిపోవడం నాకు మింగుడు పడటం లేదు. పళ్ళు నేను కట్టాను. ధైర్యం కట్టడం మా చదువులో లేదు.

మీ బావమరిది


వరండా నుంచి,
జూన్ నెలాఖరు

పళ్ళ డాక్టరుగారికి,

ఇక్కడ అందరం బాగున్నాం, తాత అందరికంటే బాగున్నాడు. నీ ఉత్తరంలో మూడు తప్పులున్నాయి. నాలుగోది తప్పో నీ దస్తూరీయో తేల్చుకోలేకపోయాను. ప్రెస్సులో ప్రూఫులు దిద్ది దిద్ది రిటైరైన కళ్ళు నావి, ఊరుకోమన్నా ఊరుకోవు.

దిద్దడం అంటే గుర్తొచ్చింది. కారులో నువ్వంటించిన కాగితంలో ఘోరమైన తప్పు దొర్లింది. ముప్పై లోపు పిడిని బయటికి లాగమని రాశావు. ఒక్క క్షణం ఆలోచించు. ఓవర్ అంటే ఏమిటి? రోజూ వాడే మాటే కదా. ఎవడైనా అవసరానికి మించి హడావుడి చేస్తే ఓవర్ చేస్తున్నాడంటాం. మరి ఆ ఓవర్‌ని అణచాలంటే ఏం చెయ్యాలి? నొక్కాలి. బయటికి లాగితే ఇంకా రెచ్చిపోదూ? అందుకని ఎర్ర సిరాతో ఆ రెండు వాక్యాల్లోనూ మాటలు అటుదిటు ఇటుదటు చేసి, పిడిని లోపలికంటా నొక్కేశాను.

ఓవర్ అణిగాక తాత ఎంత వినయంగా నడుస్తున్నాడనుకున్నావు! యాక్సిలరేటరు మీంచి కాలు తీస్తే కుదుపు లేదు, గొణుగుడు లేదు. అలా జారుకుంటూ పోతాడు. మొన్న మేం పార్కు చుట్టూ తిరిగొచ్చాం. మేం అంటే నేనూ తాతా. వెనక సీటులో స్ప్రింగులు లేచాయని ఒక దిండు వేశాను, అది లెక్కలోకి రాదు.

మీ అక్క బాగుంది. గేటుకి కొత్త రంగు వేయించాం.

మీ బావ


క్లినిక్ మేడ గది నుంచి,
జూలై రెండో వారం

బావా,

ఈసారికి 'గారు' రాలేదు, ఏమీ అనుకోకండి. మీరు చేసిన పని అలాంటిది.

కాలింగ్ బెల్ నొక్కితే అణుగుతుందా, మోగుతుందా? ఇదీ అంతే! నొక్కితే ఓవర్‌డ్రైవ్ పనిచేస్తుంది, లాగితే మానేస్తుంది. నేను రాసిన కాగితంలో తప్పు లేదు, మీరు దిద్దిన దాంట్లో ఉంది.

మీ పక్క వీధిలో గడియారాలు బాగుచేసే ఆయన పన్ను నొప్పని ఫోన్ చేసి, దవడ పట్టుకుని మరీ చెప్పాడు. మీ కారు పోతుంటే నడిచిపోయేవాళ్ళు దాన్ని దాటేసి, ఏమైందోనని వెనక్కి తిరిగి చూస్తున్నారట. ఎవరో పెద్దావిడ శవయాత్ర అనుకుని రోడ్డు పక్కన తల వంచుకుని నిలబడిందట. అంత నెమ్మదిలో, పిడి లోపల పెట్టుకుని!

నిదానంగా చెబుతాను, వినండి. ముప్పై లోపు ఓవర్‌డ్రైవ్ రమ్మన్నా రాదు. పిడి లోపలుంటే జరిగేదల్లా ఒక్కటే. మీరు కాలు తియ్యగానే ఇంజను చక్రాల్ని వదిలేస్తుంది. తొక్కడం ఆపేసిన సైకిలు ఎలా పోతుందో కారు అలా పోతుంది. మీరు వినయం అనుకుంటున్నది దాన్నే. పల్లంలో ఇంజను పట్టి ఉంచదు, భారమంతా బ్రేకుల మీద పడుతుంది. ఆ బ్రేకుల సంగతి ముందే మనవి చేసుకున్నాను. గేరులో పెట్టి ఆపినా నమ్మకం లేదు, ముందు పల్లం కనిపిస్తే దాని దారిన అది పోతుంది. గేర్లకుండేవీ పళ్ళే బావా. పళ్ళ విషయంలోనైనా నా మాట వినండి. పిడి బయటికి లాగండి.

ఇంకొకటి. వెనక సీటులో దిండుకి ఆనుకుని ఎవరో కూర్చున్నట్టుందని కూడా ఆయనన్నాడు. తాతని కిరాయికి తిప్పుతున్నారా ఏమిటి?

అక్క గేటు దాటిందా? అడిగింది గేటు గురించి కాదు.

మీ బావమరిది


వరండా నుంచి,
జూలై నెలాఖరు

డాక్టరుగారికి,

కిరాయా? ఇన్నేళ్ళ నా పరువు నీకంత చవగ్గా కనిపించిందా? గడియారాలాయన చూసింది దిండునే. పెద్ద దిండు.

నీ మాట విని పిడి లాగాను. గేటు దాటి కాస్త దూరం పోగానే కుక్క అడ్డొచ్చింది. కాలు తీశాను. కారు ముందుకి తూలి, ఎవరో వెనక నుంచి చొక్కా పట్టుకుని గుంజినట్టు ఆగింది. అంతే, అక్కడినుంచే వెనక్కి తిప్పాను. ఆ పూట ఇంట్లో స్టవ్ వెలగలేదు. వేసిన గది తలుపు సాయంత్రం దాకా తీసింది లేదు. ఆ తర్వాత వారం షెడ్డు వైపు కన్నెత్తి చూసినవాళ్ళు లేరు.

పిడి మళ్ళీ నొక్కేశాను.

నువ్వు రాసిందే నిజమని ఒప్పుకుంటున్నాను. నొక్కితే ఓవర్ అణగదు. కానీ నాకు కావలసింది ఓవర్ కాదు, నువ్వు చెప్పిన ఆ వదిలెయ్యడమే. ఎందుకని అడక్కు, చెప్పకూడదు. గేర్ల పళ్ళు అరిగితే నా పళ్ళు పీకి పెట్టుకో. వయసులో తాతకీ నాకూ పెద్ద తేడా లేదు.

మీ బావ


క్లినిక్ మేడ గది నుంచి,
ఆగస్టు రెండో వారం

బావగారికి,

చెప్పకూడదన్నారు కాబట్టి అడగను. కానీ తాత అలా రోజురోజుకీ అరిగిపోతుంటే చూస్తూ ఊరుకోవడం నావల్ల కాదు. నిద్ర పట్టడం లేదు. పట్టినా ఈ కుర్చీలో పట్టినట్టుండదు.

నా దగ్గరికి పన్ను కట్టించుకోవడానికి ఒక హోటలు యజమాని వచ్చాడు. మర్యాదస్థుడు, నోట్లో కాటన్ పెట్టినా మాట్లాడుతూనే ఉంటాడు. ఆయనకి పాత కార్లంటే ప్రాణం. హోటల్ ముందు గదిలో తాతని పెట్టుకుంటానన్నాడు. ఇంజను తీసేసి, సీట్లు పీకేసి, సందులన్నీ మూసి, నీళ్ళు నింపి చేపల్ని పెంచుతాడట. డాష్‌బోర్డు దగ్గర బంగారు చేపలు, వెనక సీటు వైపు నల్లవి. అద్దంలోంచి చూస్తే చేపలే కారు నడుపుతున్నట్టు ఉంటుందని ఆయన ఊహ.

మొదట నాకూ కళ్ళు తిరిగాయి. తర్వాత ఆలోచిస్తే నయమే అనిపించింది. కదలని కారుని ఎవరూ పాడుచెయ్యలేరు. చేపలు పిడి నొక్కవు. ఈ నెలాఖరులో ఆయన కొలతలు తీసుకోవడానికి మీ ఇంటికొస్తాడు. తాళాలిచ్చేయండి.

అక్కని అడిగానని చెప్పండి.

మీ బావమరిది


షెడ్డులో, కారు ముందు సీటు నుంచి,
ఆగస్టు మూడో వారం

ఒరేయ్ బావమరిదీ,

ఒట్టు తీసి గట్టున పెడుతున్నాను. మీ అక్క గేటు దాటింది. జూన్‌లోనే దాటింది. ఈ కారులోనే దాటింది. ఆ దిండుకి ఆనుకుని కూర్చున్నది మీ అక్కేరా.

నేను తాతని తుడుచుకుంటుంటే పాత గుడ్డ ఇవ్వడానికని షెడ్డులోకొచ్చింది. ఒకసారి కూర్చుని చూస్తానంది. కూర్చుంది. నేను ఇంజను వేశాను. మీ అక్క వద్దనలేదు. పిడి లోపల ఉండటం వల్ల కారు ఎక్కడా కుదపలేదు. గేటు దాటాం, మలుపు దాటాం. పార్కు దగ్గర అద్దంలో చూద్దును కదా, కళ్ళు మూసుకుని లేదు. దుకాణాల బోర్డులు పైకి చదువుతోంది. ఒక బోర్డులో నేను పట్టలేకపోయిన తప్పు పట్టుకుంది. నాకు ఏడుపు ఆగలేదు. మేం పోయే వేగంలో ఏడుస్తూ కూడా కారు నడపొచ్చు.

నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. మధ్యలో భయపడి మానేస్తే నీ ముందు తల కొట్టేసినట్టు ఉంటుందట. నువ్వు పిడి లాగమన్నప్పుడు లాగాను చూడు, ఆ ఒక్క కుదుపుకి మళ్ళీ గదిలోకి పోయి తలుపేసుకుంది. దాన్ని తెరిపించడానికి నాకు తాతలు దిగొచ్చారు. నీ తాత కాదు, మామూలు తాతలు.

నాకు డ్రైవింగ్ నేర్పింది మీ అక్క. ఆ మనిషిని దిండు వేసి వెనక కూర్చోబెట్టుకుని తిప్పుతున్నానన్న బాధ నాకు లేదనుకున్నావా? ఉంది. కానీ ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోవడం కంటే అదే మేలు. నువ్వు ఈ కారులో చేపల్ని పోశావంటే ఆవిడ మళ్ళీ గేటు దగ్గర ఆగిపోతుంది. నిన్ను బతిమాలుతున్నాను, నీళ్ళు పొయ్యకు.

మీ బావ


క్లినిక్ మేడ గది నుంచి,
ఆగస్టు నాలుగో వారం

బావగారికి,

మీ ఉత్తరం పేషెంటు నోరు తెరిపించి పెట్టి చదివాను. చదవడం అయ్యాక కూడా ఆయన చాలాసేపు అలాగే ఉన్నాడట. నేను చూసుకోలేదు.

తాత మీ ఇద్దరిదే. గేర్ల పళ్ళు అరిగితే అరగనివ్వండి. చేపలాయనకి ఫోన్ చేస్తే అప్పటికే బయలుదేరాడన్నారు. వస్తే మంచినీళ్ళిచ్చి పంపించెయ్యండి.

ఒక్క ప్రార్థన. పిడి లోపల పెట్టుకునే తిప్పండి, కానీ పల్లంలో ఎప్పుడూ ఆపొద్దు. ఆపినా గేరుని నమ్మొద్దు. హ్యాండ్‌బ్రేకు లాగి, చక్రానికి ఇటుకరాయి అడ్డం పెట్టండి. అక్క లోపల ఉండగా మీరు దిగొద్దు. సెలవు దొరకగానే నేనే వచ్చి బ్రేకులు బాగుచేయిస్తాను.

అక్క అసలు నవ్వుతోందా? అది రాయలేదు మీరు.

మీ బావమరిది


వరండా నుంచి, కాళ్ళు బకెట్లో పెట్టుకుని,
సెప్టెంబరు మొదటి వారం

డాక్టరుగారికి,

ముందు చెప్పాల్సింది ముందు చెబుతాను. మీ అక్కకి ఏమీ కాలేదు. ఇక నిశ్చింతగా చదువు.

నీ ఉత్తరమూ చేపలాయనా ఒకే పూట గేటు దగ్గర దిగారు. ఉత్తరం జేబులో పెట్టుకుని ఆయన్ని లోపలికి పిలిచాను. చదివి పిలిచుంటే ఇప్పుడు నా కాళ్ళు బకెట్లో ఉండేవి కావు.

అది మా షికారు వేళ. మీ అక్క అప్పటికే చేతిసంచీతో కారెక్కి కూర్చుంది. ఆ రోజు దిండు వెనకే వదిలేసి, మొదటిసారి ముందు సీటులో నా పక్కన కూర్చుంది. విషయం విని "నా షికారయ్యాకే మీ చేపలు" అంది. చేసేది లేక ఆయన్ని వెనక ఎక్కించుకుని ముగ్గురం బయలుదేరాం. పోస్టాఫీసు వీధి ఎత్తు మీదకి పోయాక వెలుతురు బాగుందని, కొలతలు ఇక్కడే తీసుకుంటానని ఆపించాడు. ఇంజను ఆపేసి, ఫస్ట్ గేరులో పెట్టి దిగాను. హ్యాండ్‌బ్రేకు లాగాననే అనుకున్నాను. ఆయన టేపు కొక్కెం వెనక బంపరుకి తగిలించి, చేపలకి గాలి పంపు ఎక్కడ పెట్టాలో చూపిస్తున్నాడు. నేను వద్దని వాదిస్తున్నాను. వాదన మంచి పాకాన పడేసరికి టేపు దానంతటదే పొడుగవడం మొదలుపెట్టింది.

తాత చడీచప్పుడు లేకుండా బయలుదేరాడు. మీ అక్క పక్కకి జరిగి స్టీరింగు పట్టుకుంది.

ఆ తర్వాత నేను పరిగెత్తిన పరుగు ఈ జన్మలో మొదటిది, చివరిది కూడా. చేపలాయన టేపు రెండో కొస వదలకుండా పరిగెడుతూ ఎంత పొడుగైందో పైకి చదువుతున్నాడు, అలవాటు కాబోలు. బ్యాండు మేళం వాళ్ళెవరో రిహార్సలు ముగించుకుని పోతూ, పాత కారూ వెనక పరిగెత్తే మనుషులూ కనిపించేసరికి ఊరేగింపనుకుని మాతో కలిశారు. వాయించారు కూడా. నాలుగు రోడ్ల దగ్గర ట్రాఫిక్ పోలీసు బళ్ళన్నీ ఆపేసి మీ అక్కకి సెల్యూట్ కొట్టాడు. మీ అక్క తలూపింది. నేను చూశాను.

"బ్రేకు తొక్కు!" అని నేను గొంతు చించుకుంటూనే ఉన్నాను. తొక్కలేదు. తర్వాత ఎందుకు తొక్కలేదంటే, "తొక్కితే కుదుపొస్తుంది" అంది.

పల్లం అయిపోయాక తాత తనంతట తనే నెమ్మదించి నెమ్మదించి, బస్ స్టాపు ముందు ఆగాడు. క్యూలో ముందున్న ముసలాయన ఏమీ అడక్కుండా వెనక తలుపు తీసుకుని ఎక్కి, దిండు సర్దుకుని కూర్చున్నాడు. నేను ఇంకా వీధి మధ్యలో రొప్పుతున్నాను. మీ అక్క వెనక్కి తిరిగి "ఎక్కడ దిగాలి?" అని అడిగింది. ఆయనేదో చెప్పాడు. మీ అక్క ఇంజను స్టార్ట్ చేసింది. నా కళ్ళముందే, నన్ను వదిలేసి, ఆయన్ని ఇంటి దగ్గర దింపడానికి వెళ్ళిపోయింది.

నేనూ చేపలాయనా బస్ స్టాపులో కూర్చున్నాం. ఆయన బంపరు నుంచి ఊడొచ్చిన టేపు చుట్టుకుంటూ, "ఇందులో చేపలు ఉండవండీ" అన్నాడు.

మీ అక్క తిరిగొచ్చి నన్నెక్కించుకుంది. నవ్వుతోందా అని అడిగావు. నువ్వు కట్టిన రెండు పళ్ళూ కనిపించాయి.

మీ బావ


డ్రైవరు సీటు నుంచి,
సెప్టెంబరు నెలాఖరు

తమ్ముడూ,

మీరిద్దరూ నా గురించి రాసుకున్న ఉత్తరాలన్నీ చదివాను. మీ బావ తప్పులు దిద్దడానికని నువ్వు రాసినవీ, తను రాసినవాటి చిత్తుప్రతులూ దాచిపెట్టుకున్నారు. నన్ను దిండని రాసినందుకు ఆయనతో రెండు రోజులు మాట్లాడలేదు.

పిడి సంగతి నాకు మొదటిరోజే తెలుసు. ఏళ్ళ తరబడి బండి నడిపినదాన్ని, ఇంజను ఎప్పుడు పట్టుకుందో ఎప్పుడు వదిలేసిందో కూర్చుంటేనే తెలియదా? ఆయన దిద్దింది తప్పని తెలిసే ఊరుకున్నాను. కుదుపు లేకుండా బతకొచ్చంటే ఎవరు మాత్రం వద్దంటారు? కానీ ఆ రోజు పల్లంలో బ్రేకు మీద కాలు పెట్టడానికి కూడా భయపడ్డాను చూడు, అది మాత్రం నాకు నచ్చలేదురా. సెల్యూట్ కొట్టిన ఆ అబ్బాయి ఒక్క క్షణం ఆలస్యం చేసుంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. కుదుపొద్దనుకుని ఎవరి ప్రాణం మీదకో తెచ్చేదాన్ని.

నీ కోసం ఆగకుండా మెకానిక్‌ని పిలిపించి బ్రేకులు మార్పించాను. నీ కాగితం మీద మీ బావ ఎర్ర సిరా కొట్టేసి, నువ్వు రాసినట్టే మళ్ళీ రాశాను. నిన్న పిడి బయటికి లాగాను.

మలుపు దగ్గర కాలు తీస్తే కుదిపింది. రోడ్డు పక్కకి తీసి, స్టీరింగు పట్టుకుని కూర్చుండిపోయాను. ఏడ్చాను కూడా. మీ బావ పక్క నుంచి మెల్లగా "నొక్కెయ్యనా?" అన్నారు.

"ఓవర్ చెయ్యకండి" అన్నాను.

మళ్ళీ స్టార్ట్ చేశాను. ఇంటికొచ్చేలోపు ఇంకా ఎన్ని కుదుపులు తిన్నానో లెక్కపెట్టలేదు. నువ్వు కట్టిన పళ్ళు ఊడలేదు.

ఆ కుర్చీలో పడుకోవడం మానేసి మంచాలు కొను. మూడు కావాలి. మేం నీ దగ్గరికొస్తున్నాం, రేపే బయలుదేరుతున్నాం. ఊరు దాటేదాకా పిడి బయటే ఉంటుంది. పెద్ద రోడ్డెక్కాక ముప్పై దాటతాను. అప్పుడు నొక్కుతాను.

అక్క